మషికో కుండల సంత

పరదేశమునకు పోయినవారు ముందుగా అచటి రాజధానిలోని మేడలను, వస్తుప్రదర్శనశాలలను చూతురు. అవి చూడదగినవే, కాదనను. కాని ఒక జాతి చేతిపనిని ఎట్లు గౌరవించుచున్నదో తెలిసికొనవలెనన్నచో అద్దాల బీరువాల ముందు నిలిచిన చాలదు. ఆ పనిని అమ్ముచోటికి పోవలెను. వెల చెప్పువాని ముఖమును, వెల యిచ్చువాని ముఖమును ఒక్కచోట చూడవలెను. జపాను దేశమున నేనుండిన కొలది దినములలో ఒకదానిని నేనిట్లు గడపితిని. ఆనాడు చూచినదానిని, తిరిగి వచ్చునపుడు రైలులో నాకును నా మేనల్లునికిని జరిగిన వాదమును ఇచట వ్రాయుచున్నాను. ఆ వాదములో ఎవరి పక్షము బలమైనదో చదువరులే తేల్చుకొనవచ్చును.

మషికో అనునది తోచిగి మండలములోని చిన్న పట్టణము. టోక్యో నగరమునకు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. అచట ఏటేట రెండు పర్యాయములు మట్టిపాత్రల సంత జరుగును. వసంతమున ఏప్రిల్ చివర మొదలై మే మొదటి వారము వరకు సాగును. శరత్తున నవంబరు మొదటి దినములలో మరల కూడును. 1966లో మొదలైన ఈ సంతకు నేడు లక్షల సంఖ్యలో జనులు వచ్చుచున్నారు. పట్టణములోని సుమారు 50 దుకాణములకు తోడు, వీధుల ప్రక్కను, ఖాళీ స్థలములలోను సుమారు 600 డేరాలు వెలయును. వసంతపు సంత జరుగు వారమున జపానువారికి వరుసగా సెలవులు వచ్చును. దానిని వారు బంగారు వారమని పిలుతురు.

టోక్యోలో కంప్యూటరు పనిచేయుచున్న నా మేనల్లుడు తన సెలవులలో ఒక దినమును నాకొరకు వినియోగించెను. "కుండలు చూచుటకు ఇంతదూరమా, మామయ్యా?" అని మొదట నవ్వినను, తెల్లవారకమునుపే నన్ను లేపి బయలుదేరదీసెను. ఓయమ వరకు అతివేగముగా పోవు రైలులో పోయితిమి. అచటినుండి రెండు చిన్న రైళ్లు మారవలెను. కడపటిది ఒంటిదారిపై మెల్లగా పోవు మోక రైలు. కిటికీకి ఇరువైపుల నాట్లకు నీరు పెట్టిన మళ్లు అద్దములవలె మెరయుచుండెను. గోదావరి కాలువల ప్రక్క పుట్టి పెరిగిన నాకు ఆ దృశ్యమును చూచిన తరువాత, పరదేశములో నున్నానను తలంపు కొంత తగ్గినది.

స్టేషనునుండి పట్టణపు నడివీధివరకు ఇరువది నిమిషముల నడక. అప్పటికే జనము తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చుచుండెను. కాని తిరునాళ్లలోని కేకలు లేవు. అమ్మువారు పిలుచుట లేదు. కొనువారు త్రోసికొనుట లేదు. డేరాలో చెక్కపెట్టెలపై పలకలు పరచి, వానిపై గిన్నెలు, పళ్లెరములు, టీ కూజాలు, పూలకుండలు పెట్టియుండిరి. వెనుక ఒక చిన్న పీటపై కూర్చున్నవారు చాలచోట్ల వానిని చేసినవారే. ఒక్కొక్క డేరాలోని పని ఒక్కొక్క తీరుగా నుండెను. ఒకచోట అంతయు ఊదారంగు. మరియొకచోట నల్లని పూతపై తెల్లని చారలు. మషికోకు ప్రత్యేకమైన పూత ఒకటి కలదు. అది ఇటుక ఎరుపునకు దగ్గరగా నుండు గోధుమవర్ణము. అచటనే దొరకు ఒక రాతిని పొడిచేసి దానిని సిద్ధపరతురు. తెల్లని పూతలో వరిఊక బూడిదను కలుపుదురు. వరి పండు దేశములో ఊకకూడ వృథా పోలేదన్నమాట!

కొనువారి తీరు నాకు మిక్కిలి నచ్చినది. ఒక ముసలమ్మ అన్నపు గిన్నె నొకదానిని చేతిలోనికి తీసికొనెను. చూచుట కాదు, రెండు అరచేతులలో పెట్టుకొని కన్నులు మూసికొని, బరువును తూచినట్లు కొంతసేపు నిలిచెను. పిమ్మట పెదవికి తగులు అంచును వ్రేలితో చుట్టును తడిమెను. తరువాత గిన్నెను బోర్లించి అడుగు చూచెను. పూత తగులని ఆ అడుగుననే మట్టి నిజస్వరూపము కనబడునట. ఇంత పరీక్ష జరుగుచుండగా కుమ్మరి ఒక్క మాటయు పలుకలేదు. చివరకు ఆమె తల యూపెను. అతడు పాత వార్తాపత్రికలో దానిని చుట్టి యిచ్చెను. మన ఇండ్లలో పెద్దవారు కుండను కొనునపుడు వ్రేలితో కొట్టి మ్రోత వినుట నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ చెవి ఇపుడు మనలో నెందరికున్నది?

మషికో కుండల చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది కాదు. పొరుగుననున్న కసమలో పనినేర్చిన ఓత్సుక కెయిజబురో అను నతడు 1853లో ఇచట ఆవము నెలకొల్పెను. ఇచటి మట్టి మోటు మట్టి. పలుచని సొగసైన పాత్రలకు అది లొంగదు. అందుచేత నీటి బానలు, ఊరగాయ జాడీలు, నూరుకొను గిన్నెలు, టీ కూజాలు చేసి టోక్యో వంటయిండ్లకు పంపుచుండిరి. చౌకవి, బరువైనవి, గట్టిగా వాడుకొనదగినవి. తరువాత లోహపు పాత్రలు వచ్చినవి, వంటగదులు మారినవి, బానలతో పని తగ్గినది. ఊరి ఆవములు చల్లారు దినములు సమీపించినవి.

అట్టి సమయమున హమద షోజి అను యువకుడు మషికోకు వచ్చెను. ఇతడు 1894లో జన్మించెను. కుమ్మరి కులమున పుట్టినవాడు కాడు. సాంకేతిక విద్యాలయమున మృత్పాత్రల శాస్త్రమును చదివినవాడు. 1920లో బెర్నార్డు లీచి అను ఆంగ్లేయ శిల్పితో ఇంగ్లండుకు పోయి, సెంట్ ఐవ్స్ అను సముద్రతీర పట్టణములో ఆవము నిర్మించుటకు తోడ్పడెను. 1924లో స్వదేశమునకు మరలి, పల్లెవారి నడుమ పల్లెవారు వాడు మట్టితోనే పని చేయదలచి మషికోలో స్థిరపడెను. 1955లో ప్రభుత్వము ఆయనను జాతి సంపదగా గౌరవించినది. పెద్ద పళ్లెరముపై గరిటెతో పూతను ఒక్క ఊపున పోయుటలో ఆయన ప్రసిద్ధుడు. పదునైదు క్షణములలో ముగియు పనికి ఇంత వెల యేల యని అడిగినవారితో, ఆ పదునైదు క్షణములకు అరువది యేండ్లను కలిపి లెక్కించవలెనని ఆయన చెప్పెడివారట. 1978లో ఆయన పరమపదించెను. ఆయన నివసించిన గడ్డికప్పు ఇండ్లు నేడు ప్రదర్శనశాలగా నున్నవి. కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన ఆయన ఆవము 2011 మార్చి 11న వచ్చిన మహాభూకంపములో దెబ్బతినినది. ఊరిలోని ఇతర ఆవములును అనేకము కూలినవి. మరల కట్టుకొనిరి. ఆ ఆవముముందు నేను కొంతసేపు నిలిచితిని. ఇటుకలపై మసి ఉన్నది, దానిని తాకవలదని ఒక పలక ఉన్నది.

హమదకు మిత్రుడైన యనగి సొయెత్సు అను పండితుని గురించి ఇచట చెప్పక తప్పదు. ధనవంతుల భవనములలోని కళాఖండముల కంటె సామాన్యులు దినదినము వాడుకొను వస్తువులలోనే నిజమైన సౌందర్యమున్నదని ఈయన చాటెను. ఈయన, హమద, కవయి కంజిరో అను మరియొక కుమ్మరియు కలిసి, ప్రజల చేతిపని అను అర్థమున 1925లో 'మింగెయి' అను క్రొత్త మాటను కల్పించిరి. (తెలుగు చెవికి ఆ మాట విందుభోజనమున పలుకు మాటవలె వినబడును, నేను నవ్వగా మా మేనల్లుడు నన్ను వారించెను.) 1936లో టోక్యోలో యనగి ఇట్టి వస్తువులకు ఒక ప్రదర్శనశాలను స్థాపించెను. ఆయన సిద్ధాంతములో ముఖ్యమైన అంశమొకటి: గొప్ప వస్తువును చేసినవాడు పేరులేనివాడై యుండవలెను. కీర్తిని కోరక, ఆలోచించక, వేల పర్యాయములు చేసిన పనినే చేయుచున్న చేతిలోనే సహజ సౌందర్యము పుట్టునని ఆయన నమ్మెను. హమదయు తన పాత్రలపై పేరు వ్రాయలేదు. ఆ పాత్రల నుంచు కొయ్యపెట్టెలపై మాత్రము వ్రాసెను! కొనువారు పేరును విడువరని దీనివలన తెలియుచున్నది.

యనగి మహాశయుని యెడ నాకు మిక్కిలి గౌరవము కలదు. వంటయింటి కుండను చూచి తలవంచుట నేర్పినవాడు సామాన్యుడు కాడు. అయినను పేరులేమిని గూర్చి ఆయన చెప్పినదానిని నేనంగీకరింపలేను. మషికోలోనే మినగవ మసు అను వృద్ధురాలుండెడిది. ఆమె చిన్ననాటినుండి టీ కూజాలపై కొండలను, చెట్లను, నీటిని కుంచెతో చిత్రించెను. పాఠశాలలో చిత్రలేఖనము నేర్వలేదు. దినమునకు కొన్ని వందల కూజాలపై అవే కొండలు, అవే చెట్లు. ఆమె 1960లో మరణించెను. ఆమె పేరు నేడు మనకు తెలియుచున్నదనిన, కళాభిజ్ఞులు కొందరు ఆ కుంచె నడకను చూచి, ఇది ఎవరి చేయి అని అడిగినందువలననే. అడుగువారు లేక పోయిన చేతులెన్నియో! వారు పేరులేనివారు కారు. ఊరిలో వారిని పేరుపెట్టి పిలిచెడివారు. ఎవరి కూజా కారదో, ఎవరి బాన బీటవారదో పొరుగువారికి తెలియును. మన పల్లెలలో మాత్రము కుమ్మరి పేరు ఎరుగనివా రుండెడివారా? దూరమున ప్రదర్శనశాలలో నిలిచి చూచినవానికే అతడు పేరులేనివాడు. ఆ లోపమును సౌందర్యమునకు కారణముగా చెప్పుట నాకు న్యాయముగా తోచుట లేదు.

అందుచేతనే ఈ సంత నాకు నచ్చినది. ఇచట పాత్ర వెనుక ఒక మనిషి కూర్చున్నాడు. మషికో వెలుపలినుండి వచ్చినవారిని పొమ్మనని ఊరు. దూరప్రాంతములనుండి వచ్చి, పని నేర్చి, ఇచటనే ఆవము పెట్టుకొన్న యువకులు, యువతులు అనేకులు కలరు.

అట్టి యువతి డేరాముందు నేను చేసిన పనిని దాచక చెప్పెదను. ఇటుకరంగు అన్నపు గిన్నె యొకటి నా చేతికి సరిగా అమరినది. వెల 2,800 యెన్లు. మన సంతలలో బేరమాడనివాడు అమాయకుడని పేరు గదా! ఆ అలవాటు కొలది, 2,000కు ఇత్తువేమో అడుగుమని మేనల్లునితో అంటిని. వాని ముఖము గిన్నె రంగునకు తిరిగినది. నసుగుచు అడిగెను. ఆమె కోపపడలేదు. పలకక్రింది పెట్టెలోనుండి అట్టిదే మరియొక గిన్నెను తీసి, "ఇది 1,500. పూత ఒకచోట పలుచబడినది. వాడుకకు లోటు లేదు" అని చెప్పెను. మంచిదాని వెల మాత్రము తగ్గింపలేదు.

మరి మీ ఇంట దేనిలో తిందురని అడిగించితిని. లోపమున్నవానిలోనే యని నవ్వెను. తరువాత, మేము శ్రద్ధగా వినుచున్నామని గ్రహించి, పనిని గూర్చి చెప్పెను. సారెపై గిన్నె లేచుటకు కొన్ని నిమిషములు చాలును. కాని మట్టిని గాలి బుడగలు పోవునట్లు పిసుకవలెను. గిన్నె సగము ఆరిన తరువాత మరల సారెపై బోర్లించి అడుగు చెక్కవలెను. పూర్తిగా ఆరినపిమ్మట ఒకసారి కాల్చి, పూత పూసి, మునుపటికంటె తీవ్రమైన వేడిలో రెండవసారి కాల్చవలెను. ఆవము తనంతట చల్లారువరకు తలుపు తెరువరాదు. తెరచిన దినమున కొన్ని పగిలియుండును, కొన్ని ఒకదాని కొకటి అంటుకొనియుండును. అవి ఎవరి లెక్కలోనికి వచ్చును? ఆమె ఆ ప్రశ్న అడుగలేదు; నాకే తోచినది. 2,800 యెన్లు చెల్లించితిని.

ఆమె గిన్నెను చుట్టుచు, వ్రేలెడంత చిన్న పళ్లెము నొకదానిని ఊరకనే చేర్చెను. దానిని వారు 'ఒమకె' అందురట. కొసరు! ఈ మాట వినగానే నాకు సంతలో నున్నట్లయినది. మొదటిసారి వాడుటకుముందు గిన్నెను బియ్యము కడిగిన నీటిలో ఉడికింపవలెనని, అపుడు మట్టిలోని సన్నని రంధ్రములు మూసికొనునని చెప్పెను. మా అమ్మమ్మ క్రొత్త కుండకు గంజి పట్టించుట నేను చూచితిని. ఈ రెండు వంటయిండ్లు ఒకదానినుండి యొకటి నేర్చినవి కావు. మట్టి రెంటికిని ఒకే పాఠము చెప్పినది.

సాయంకాలము రైలులో మేనల్లుడు వాదమునకు దిగెను.

"మామయ్యా, కోపగింపకుడు. మా ఇంటిప్రక్క నూరు యెన్ల దుకాణమున్నది. పన్నుతో కలిపి 110 యెన్లకు అన్నపు గిన్నె దొరకును. దానిలోనిదియు అన్నమే గదా! ఆ యనగి మహాశయుడు సామాన్యుని వస్తువును పొగడెనని మీరే చెప్పితిరి. ఈనాటి సామాన్యుని గిన్నె 110 యెన్లదే. నేడు సంతలో కొన్నవారిలో కూలివా రెందరుండిరి?"

ఈ ప్రశ్న తేలికైనది కాదు. కొంతసేపు నేను కిటికీవంక చూచితిని. చౌక గిన్నెను నేను నిందింపను. పేదవాని చేతికి నేడే గిన్నె కావలెను. కళ పేరు చెప్పి వానికి 2,800 యెన్ల గిన్నెను చూపుట హృదయము లేనివాని పని. యంత్రమువలన పదిమంది ఇండ్లకు పాత్రలు చేరినవి. మషికోలో కూడ యంత్రమునకు చోటున్నది. జపానులో యొకొకవ అను రైలుస్టేషనులో 1958నుండి ఒక భోజనము నమ్ముచున్నారు. అన్నమును, కూరగాయలను, కోడిమాంసమును చిన్న మట్టికుండలో పెట్టి, వేడివేడిగా ఇత్తురు. ఆ కుండలు మషికోలోని కార్మికశాలలో అచ్చులతో లక్షల సంఖ్యలో తయారైనవి. ప్రయాణికులు తినినపిమ్మట కుండను పారవేయక ఇంటికి కొనిపోయి, ఒక్కరికి చాలునంత అన్నము దానిలో వండుకొందురు. బానలకు గిరాకి పోయిన ఊరిలో ఎందరికో ఆ చిన్నకుండ పని కల్పించినది. చేతిపనికిని యంత్రమునకును మధ్య గోడ కట్టువారు ఆ కుండను ఏ వైపున పెట్టుదురో నాకు తెలియదు.

ఇది చెప్పి, "అయినను నీ లెక్కలో ఒక తప్పున్నది, నాయనా" అంటిని. "నీవును నేనును కూలివారము కాము. మొన్న నీ స్నేహితులతో ఒక పూట భోజనమునకు నీవిచ్చిన సొమ్ము ఎంత? అది మరునాటికి లేదు. దానిని ఎక్కువ అనలేదు. పది సంవత్సరములు దినమునకు రెండుసార్లు చేతికివచ్చు గిన్నెకు 2,800 ఎక్కువ యనుచున్నావు. ఇవ్వలేనివాడు ఇవ్వనక్కరలేదు. ఇవ్వగలవాడు 110కి అలవాటుపడి, చేతిపనికి వెల ఎక్కువ యని పెదవి విరచుటయే నాకు తప్పుగా తోచుచున్నది."

"అయినచో జాలిపడి కొనవలెనందురా?"

"జాలి అను మాట ఎత్తకుము. ఆ అమ్మాయి జాలి నడుగలేదు. నేను బేరమాడినపుడు వెల తగ్గింపను లేదు. జాలిపడి కొన్న వస్తువు అటకపైకి పోవును. మన ఇండ్లలో చూడుము. కొండపల్లి బొమ్మను కొనినవారు, పాపము చేతిపనివారు అనుచు కొందురు. పదిమంది చూచుటకు అద్దాల బీరువాలో పెట్టుదురు. బొమ్మకు అది తగును. గిన్నెను అట్లు పెట్టినచో మరియొక గిన్నెతో నీకు పని కలుగదు. కుమ్మరికి రెండవ పర్యాయము నీతో పని కలుగదు. వాడవలెను, అరుగవలెను, పగులవలెను. అపుడు మరల సంతకు పోవుదువు."

"పగులుటకా 2,800?" అని వాడు నవ్వెను. వాని పక్షమును వాడు విడువలేదు. ఓయమలో రైలు మారు తొందరలో మా వాదము నిలిచిపోయినది.

నేను తిరిగి వచ్చునపుడు ఆ గిన్నెను వానికే యిచ్చితిని. చిన్న పళ్లెమును మాత్రము తెచ్చుకొని ఉప్పు పోసి భోజనపు బల్లపై పెట్టితిని. అయిదు మాసముల పిమ్మట వాని ఉత్తరము వచ్చినది. పనిని గూర్చి, చలిని గూర్చి వ్రాసి, చివర ఇట్లు చేర్చెను: "గిన్నె అంచు ఒకచోట పెచ్చు లేచినది. అయినను దానిలోనే తినుచున్నాను. వేరుదానిలో తిన్న చేతికి తేలికగా నున్నది. నవంబరు సంతకు పోవుచున్నాను. ఆమె డేరా ఏ వరుసలో నుండెనో మీకు జ్ఞప్తి యున్నదా?"